చిన్న చక్రాల సైకిల్‌కు ‘నెమ్మది’ అన్న పేరు ఎలా వచ్చింది?

పెద్ద చక్రం వేగంగా పోతుంది, చిన్న చక్రం నెమ్మదిగా పోతుంది. సైకిల్ గురించి చాలామందికి ఉన్న గట్టి నమ్మకం ఇది. తెలుగు ఊళ్లలో చిన్న చక్రాలంటే పిల్లల సైకిల్, పెద్ద చక్రాలంటే పెద్దల సైకిల్. సీటు మీద కూర్చుంటే కాళ్లు అందని పిల్లలు కడ్డీ కింద నుంచి కాలు దూర్చి 28 అంగుళాల సైకిల్ తొక్కేవారే తప్ప, మీసాలొచ్చినవాడు చిన్న సైకిల్ ఎక్కితే వీధిలో నవ్వేవారు. ఇప్పుడు నగరాల అపార్ట్‌మెంట్లలో, ఆఫీసుల్లో మడత సైకిళ్లు కనిపిస్తున్నాయి. వాటిని చూసినవారు ముందుగా అడిగేది ఒకటే: ఇంత చిన్న చక్రాలతో ఎంత తొక్కితే ఎంత దూరం పోతుంది?

ఈ ప్రశ్నకు ఇంగ్లండ్‌లో అరవై ఏళ్ల కిందటే ఒక జవాబు దొరికింది. 1962 డిసెంబరులో జాన్ వుడ్‌బర్న్ అనే రేసు సైక్లిస్టు 16 అంగుళాల చక్రాల మోల్టన్ సైకిల్‌పై కార్డిఫ్ నుంచి లండన్ దాకా తొక్కి, ఆ దారిలో అప్పటిదాకా ఉన్న రికార్డును బద్దలు కొట్టాడు. అయినా చిన్న చక్రానికి ‘నెమ్మది’ అన్న పేరు పోలేదు. ఆ పేరు చక్రం కొలత వల్ల వచ్చింది కాదు. చక్రాన్ని చిన్నది చేసినప్పుడు దానితోపాటు మార్చాల్సిన టైరు, గేరు, సస్పెన్షన్‌లను వదిలేసిన తయారీదారుల వల్ల వచ్చింది.

పెద్ద చక్రం ఎందుకు స్థిరపడింది?

1870లలో వాడుకలో ఉన్న ఎత్తు సైకిల్‌కు చైను లేదు. పెడళ్లు నేరుగా ముందు చక్రానికే బిగించి ఉండేవి. పెడల్ ఒకసారి తిరిగితే చక్రమూ ఒకసారే తిరుగుతుంది కాబట్టి వేగం కావాలంటే చక్రం పెద్దది కావాల్సిందే. తొక్కేవాడి కాలు ఎంత పొడవో చక్రాన్ని అంత పెద్దది చేసేవారు. పెద్ద చక్రమే వేగమన్న మాట ఆ రోజుల్లో అక్షరాలా నిజం.

1885లో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిల్‌లో చైను వెనక చక్రాన్ని తిప్పింది. దాంతో వేగం లెక్క చక్రం నుంచి పళ్ల చక్రాలకు మారింది. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. చక్రాన్ని ఇంకా తగ్గించే వీలు అప్పుడే కలిగినా అది 28 అంగుళాల దగ్గర ఆగిపోయింది. అప్పటి రోడ్లకు ఆ కొలత సరిపోయింది. రిమ్ములు, టైర్లు, ఫ్రేములు అన్నీ దానికి తగ్గట్టే తయారయ్యాయి. భారతదేశంలో పాలవాళ్లూ పోస్ట్‌మన్లూ తొక్కిన నల్ల సైకిల్‌ది కూడా అదే కొలత.

నేడు సాధారణంగా 20 అంగుళాలు, అంతకు తక్కువ చక్రాలున్న వాటినే చిన్న చక్రాల సైకిళ్లు అంటున్నారు. అయితే అంగుళాల లెక్క తికమక పెడుతుంది. 16 అంగుళాలని రాసి ఉన్న టైర్లలో రిమ్ము కొలత 305 మిల్లీమీటర్లవీ ఉన్నాయి, 349 మిల్లీమీటర్లవీ ఉన్నాయి. 20 అంగుళాల్లో 406, 451 అని రెండు రకాలు. ఒకదాని టైరు మరొకదానికి ఎక్కదు.

రబ్బరు తెలిసిన ఇంజినీరు

చిన్న చక్రాన్ని పెద్దల వాహనంగా తీర్చిదిద్దిన అలెక్స్ మోల్టన్ (1920–2012) సైకిల్ పరిశ్రమ మనిషి కాదు. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్-ఆన్-ఏవన్‌లో ఆయన ముత్తాత 19వ శతాబ్దిలోనే రబ్బరు కర్మాగారం పెట్టాడు. మోల్టన్ రబ్బరుతో వాహనాల సస్పెన్షన్లు రూపొందించేవాడు. 1959లో వచ్చిన ప్రసిద్ధ మినీ కారుకు రబ్బరు సస్పెన్షన్ చేసింది ఆయనే. మినీ చక్రాలు కూడా 10 అంగుళాలవే. కారు చిన్నదైనా లోపల చోటు మిగలాలంటే చక్రాలు చిన్నవి కావాలి. చక్రాలు చిన్నవైతే కుదుపు పెరుగుతుంది. ఆ కుదుపును రబ్బరు మింగాలి. సైకిల్‌కూ ఆయన ఇదే సూత్రం పట్టించాడు.

సైకిల్ మీద ఆయన దృష్టి పడింది సూయజ్ సంక్షోభం రోజుల్లో. 1956లో కాలువ మూతపడటంతో బ్రిటన్‌లో పెట్రోలుకు రేషన్ వచ్చింది. మోల్టన్ సైకిల్ కొని తొక్కడం మొదలుపెట్టాడు. తొక్కుతూనే దానిలో ఇబ్బందులు లెక్కపెట్టాడు. అడ్డకడ్డీ దాటి ఎక్కాలి. సామాను పెట్టడానికి చోటు ఉండదు. ఆడవారికి ఒక ఫ్రేము, మగవారికి ఒక ఫ్రేము, ఎత్తును బట్టి రకరకాల కొలతలు. చక్రాలు చిన్నవైతే వాటిపైన సామానుకు చోటు దొరుకుతుంది. ఫ్రేము కిందికి దిగుతుంది. సీటు, హ్యాండిల్ ఎత్తు మార్చుకుంటే ఇంటిల్లిపాదికీ ఒకటే సైకిల్ సరిపోతుంది.

1962 నవంబరులో లండన్ ప్రదర్శనలో బయటికొచ్చిన మోల్టన్ సైకిల్‌లో మూడు మార్పులు ఒక కట్టుగా ఉన్నాయి: గట్టిగా గాలి పట్టే సన్నని టైర్లు, ముందూ వెనకా రబ్బరు సస్పెన్షన్, చిన్న చక్రానికి తగ్గట్టు పెంచిన గేరు. ఈ మూడింటిలో ఏది తీసేసినా మిగతా రెండూ పనిచేయవు. గట్టి టైరు లేకపోతే సైకిల్ బరువుగా కదులుతుంది. టైరు గట్టిదై సస్పెన్షన్ లేకపోతే ఎముకలు కదిలిపోతాయి. గేరు పెంచకపోతే కాళ్లు ఊరికే గిరగిరా తిరుగుతాయి.

అనుకరణ తెచ్చిన చెడ్డపేరు

మోల్టన్ మొదట తన ఆలోచనను బ్రిటన్‌లోని అతి పెద్ద సైకిల్ సంస్థ రాలీకి చూపించాడు. అసన్‌సోల్‌లోని సేన్-రాలీ కర్మాగారం వల్ల భారతీయులకూ పరిచయమైన పేరే అది. రాలీ వద్దంది. మోల్టన్ సొంతంగా తయారీ మొదలుపెట్టాడు, అమ్మకాలు పుంజుకున్నాయి. దాంతో రాలీ 1965లో ఆర్‌ఎస్‌డబ్ల్యూ 16 అనే పోటీ సైకిల్‌ను దింపింది. చక్రాలు 16 అంగుళాలే, చూపుకు అదే తీరు. కానీ సస్పెన్షన్ లేదు. ఆ లోటు తీర్చడానికి తక్కువ గాలితో నడిచే లావుపాటి టైర్లు వేశారు. కుదుపు తగ్గింది, దానితోపాటు సైకిల్ పరుగూ తగ్గింది. తొక్కినవారికి బురదలో లాగుతున్నట్టు అనిపించే ఈ సైకిల్ పెద్ద ఎత్తున అమ్ముడైంది. చిన్న చక్రమంటే ఇంతే కాబోలని లక్షలమంది అనుకున్నారు.

పోటీలో నలిగిన మోల్టన్ 1967లో తన సైకిల్ వ్యాపారాన్ని రాలీకే అమ్మేశాడు. 1974 నాటికి ఆ తయారీ ఆగిపోయింది. తర్వాత హక్కులు తిరిగి తీసుకుని 1983లో 17 అంగుళాల చక్రాలతో, సన్నని గొట్టాలను వంతెనలా అల్లిన ఫ్రేముతో కొత్త సైకిల్ తెచ్చాడు. 1986లో కెనడాలోని వాంకూవర్‌లో జిమ్ గ్లోవర్, గాలిని కోసుకుపోయే తొడుగు బిగించిన మోల్టన్‌పై మామూలు సైకిల్ భంగిమలోనే కూర్చుని గంటకు 82 కి.మీ. దాటాడు.

ఆర్‌ఎస్‌డబ్ల్యూ 16 కథ అక్కడితో ముగిసిపోలేదు. బజారులో చౌకగా దొరికే మడత సైకిళ్లలో చాలావాటికి నేటికీ లావు టైరు, తక్కువ గాలి, ఒకే గేరు, బరువైన ఇనుప ఫ్రేము ఉంటాయి. కొన్నవారు నెల రోజులు తొక్కి బాల్కనీలో పడేస్తారు. తప్పు చక్రం మీదికి పోతుంది.

కాళ్లు ఎక్కువ తిప్పాలా?

చక్రం చిన్నదైతే పెడల్ ఎక్కువసార్లు తిప్పాలన్నది బాగా పాతుకుపోయిన అపోహ. ఎక్కువసార్లు తిరిగేది చక్రమే. కాళ్లు ఎన్నిసార్లు తిరగాలో నిర్ణయించేది ముందు పళ్ల చక్రానికీ వెనక ఫ్రీవీల్‌కూ ఉన్న నిష్పత్తి.

28 అంగుళాల చక్రం టైరుతో కలిపి ఒక చుట్టుకు దాదాపు 2.23 మీటర్లు పోతుంది. ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు ఉంటే పెడల్ ఒకసారి తిప్పితే సైకిల్ 5.45 మీటర్లు కదులుతుంది. 349 కొలత 16 అంగుళాల చక్రం చుట్టుకు దాదాపు 1.32 మీటర్లే పోతుంది. దానికి ముందు 54 పళ్లు, వెనక 13 పళ్లు వేస్తే పెడల్ చుట్టుకు 5.48 మీటర్లు వస్తాయి. అంటే కాళ్లకు తేడా తెలియదు. పిల్లల సైకిళ్లలో గేరు కావాలనే తక్కువ ఉంచుతారు. పెద్దవాళ్లు సరదాకు దాన్ని తొక్కి చూసి, కాళ్లు గిరగిరా తిరగడం చక్రం తప్పనుకుంటారు.

చక్రం ఎక్కువసార్లు తిరగడానికీ ఒక మూల్యం ఉంది. కిలోమీటరుకు పెద్ద చక్రం 450 సార్లు తిరిగితే 16 అంగుళాలది 760 సార్లు తిరుగుతుంది. టైరు అంత త్వరగా అరుగుతుంది, హబ్ బేరింగులూ అంతే. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకు రబ్బరు రిమ్మును పట్టే సైకిళ్లలో చిన్న రిమ్ము త్వరగా వేడెక్కుతుంది.

అసలు నష్టం ఎంత?

టైరు రోడ్డును తాకిన చోట నొక్కుకుని మళ్లీ లేస్తుంది. ఆ వంపులో కొంత శక్తి వేడిగా పోతుంది. ఒకే రకం టైరు, ఒకే గాలి ఒత్తిడి ఉన్నప్పుడు చక్రం చిన్నదయ్యే కొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. చిన్న చక్రానికి నిజంగా ఉన్న లోటు ఇదే. దాని పరిమాణం తెలియాలంటే ఒక చిన్న లెక్క వేయవచ్చు.

మనిషి, సైకిల్ కలిపి 85 కిలోలు అనుకుందాం. మంచి పెద్ద చక్రానికి దొర్లుడు నిరోధ గుణకం 0.005 అయితే, సైకిల్‌ను వెనక్కి లాగే బలం 4.2 న్యూటన్లు. చిన్న చక్రానికి ఆ గుణకం 0.007 అనుకుంటే 5.8 న్యూటన్లు. గంటకు 20 కి.మీ. వేగంలో ఈ తేడాకు కాళ్లు అదనంగా పెట్టాల్సిన శక్తి 9 వాట్లు. నిటారుగా కూర్చున్న మనిషికి అదే వేగంలో ఎదురుగాలి ఒక్కటే 50 వాట్ల దాకా తింటుంది. మొత్తం శ్రమ సుమారు 75 వాట్ల నుంచి 84 వాట్లకు పెరుగుతుంది. తేడా ఉంది, కానీ తొక్కలేనంత కాదు. గుడ్డ మెత్తగా, రబ్బరు పలచగా ఉన్న మంచి టైరు వేస్తే ఇందులోనూ చాలా భాగం తగ్గిపోతుంది. చెడ్డ టైరు వేస్తే పెద్ద చక్రం కూడా ఇంతకంటే ఎక్కువే నష్టపోతుంది.

గాలి మరీ గట్టిగా కొట్టినా లాభం లేదు. గరుకు రోడ్డు మీద రాయిలాంటి టైరు సైకిల్‌నూ మనిషినీ అదిలిస్తుంది. ఆ అదురులో ఒళ్లు మింగే శక్తి కూడా కాళ్ల నుంచి పోయేదే. గట్టి టైరుకు సస్పెన్షన్‌ను మోల్టన్ జతచేయడంలోని ఆంతర్యం ఇది.

చిన్న చక్రం తేలిగ్గా ఉంటుంది కాబట్టి సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ కదలడం చురుగ్గా అనిపిస్తుంది. స్పోకులు పొట్టివి కావడంతో చక్రం గట్టిగా నిలుస్తుంది, సులువుగా వంకర పోదు.

గుంత ముందు అందరూ సమానం కాదు

చిన్న చక్రం పరీక్ష తప్పేది గుంతల దగ్గరే. 20 సెం.మీ. వెడల్పున్న గుంత మీదుగా పోతే 70 సెం.మీ. చక్రం ఒకటిన్నర సెం.మీ. దిగుతుంది. 42 సెం.మీ. చక్రం రెండున్నర సెం.మీ. దిగుతుంది. రోడ్డు మీద 3 సెం.మీ. మెట్టు అడ్డొస్తే పెద్ద చక్రం దాన్ని తక్కువ వాలులో ఎక్కేస్తుంది. చిన్నది నిటారుగా గుద్దుకుంటుంది. వర్షాకాలంలో నీళ్లు నిండిన గుంత లోతు తెలియక దిగితే ముందుకు తూలిపడే ప్రమాదం చిన్న చక్రానికే ఎక్కువ. మురుగు కాలువల మీద వేసే ఇనుప జాలీల సందులు కూడా దానికి శత్రువులే.

అయినా ఇది దాటలేని అడ్డంకి కాదనడానికి భారతీయుల కళ్ల ముందే సాక్ష్యం ఉంది. దశాబ్దాల పాటు దేశంలోని రోడ్లను ఏలిన బజాజ్ చేతక్ స్కూటర్ చక్రం 10 అంగుళాలది. టైరుతో కలిపి చూస్తే దాదాపు 43 సెం.మీ., అంటే 16 అంగుళాల సైకిల్ చక్రమంత. భార్యాభర్తలను, ఇద్దరు పిల్లలను, ముందు గ్యాస్ సిలిండరును మోసుకుని ఆ చక్రాలు ఊళ్లు తిరిగాయి. లావు టైరు, స్ప్రింగు, షాక్ అబ్జార్బరు ఉండబట్టే అది సాధ్యమైంది. స్కూటర్‌కు ఇంజను బలం ఉంది కాబట్టి లావు టైరు నష్టాన్ని భరించగలదు. మనిషి కాళ్లతో నడిచే సైకిల్ భరించలేదు. అందుకే సైకిల్‌లో ఆ పని సస్పెన్షన్ చేయాలి, లేదంటే తేలికైన, కాస్త వెడల్పాటి మేలు రకం టైరు చేయాలి.

హ్యాండిల్ కూడా కొత్తలో తొందరపాటుగా తిరుగుతుంది. తిరిగే పెద్ద చక్రానికి ఉండే నిలకడ చిన్నదానికి తక్కువ కావడం ఇందుకు ఒక కారణం. అయితే సైకిల్ పడిపోకుండా నిలవడం ఆ ఒక్క గుణం మీదే ఆధారపడదు. ఆ ప్రభావాన్ని పూర్తిగా రద్దు చేసిన ప్రయోగాత్మక సైకిల్ కూడా తనంత తాను నిలబడి పరుగెత్తగలదని డెల్ఫ్ట్, కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2011లో ‘సైన్స్’ పత్రికలో చూపించారు. చిన్న చక్రాల హ్యాండిల్‌కు చేతులు కొద్ది రోజుల్లో అలవాటు పడతాయి. చేతులు వదిలేసి తొక్కాలనుకుంటే మాత్రం కష్టం.

మడత పెట్టి చంకన పెట్టుకుంటే

చిన్న చక్రానికి రెండో జన్మ ఇచ్చింది మడత. మోల్టన్ ఉద్దేశం మడత కాదు, మంచి సైకిల్. కానీ 1970లలో నగరాల ట్రాఫిక్, చమురు ధరల పెరుగుదల కొత్త అవసరాన్ని తెచ్చాయి. లండన్‌లో ఆండ్రూ రిచీ తన ఫ్లాట్‌లోనే మడత సైకిల్ నమూనాలు చేశాడు. కిటికీలోంచి కనిపించే బ్రాంప్టన్ ఆరేటరీ చర్చి పేరే దానికి పెట్టాడు. 349 కొలత చక్రాలున్న బ్రాంప్టన్ మడిస్తే సుమారు 58 సెం.మీ. పొడవు, 56 సెం.మీ. ఎత్తు, 27 సెం.మీ. మందం. చైను లోపలి వైపుకు పోతుంది కాబట్టి బట్టలకు మరక అంటదు. పూర్తి స్థాయి తయారీ 1988లో మొదలైంది. 2022 నాటికి పది లక్షలవ సైకిల్ కర్మాగారం దాటింది. అమెరికాలో లేజర్ శాస్త్రవేత్తగా పనిచేసిన డేవిడ్ హాన్ 1982లో స్థాపించిన డాహన్ సంస్థ 20 అంగుళాల మడత సైకిళ్లను ప్రపంచమంతా అమ్మింది. ఓరెగాన్‌లోని బైక్ ఫ్రైడే సంస్థ సూట్‌కేసులో సర్దుకుని విమానంలో తీసుకెళ్లే సైకిళ్లు చేస్తోంది.

ఇక్కడ వేగం లెక్కే మారిపోతుంది. ఇంటి నుంచి స్టేషన్‌కు రెండు కిలోమీటర్లు, స్టేషన్ నుంచి ఆఫీసుకు మూడు కిలోమీటర్లు ఉన్న ఉద్యోగికి సైకిల్ గంటకు 20 కి.మీ. పోయిందా, 18 పోయిందా అన్నది నిమిషం, రెండు నిమిషాల మాట. ఆటో కోసం నిలబడే సమయం, పార్కింగ్ వెతుక్కునే సమయం మిగలడమే అసలు లాభం. సైకిల్ బయట తాళం వేసి వదలనక్కర్లేదు, కుర్చీ కిందే ఉంటుంది.

పందెంలో ఎందుకు కనిపించదు?

చిన్న చక్రాలు అంత బాగుంటే టూర్ డి ఫ్రాన్స్‌లో ఎందుకు లేవన్న సందేహం సహజం. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నిబంధనల ప్రకారం రోడ్డు పందేల్లో చక్రం వ్యాసం టైరుతో కలిపి 55 సెం.మీ. కంటే తక్కువ ఉండకూడదు, 70 సెం.మీ. మించకూడదు. 16, 17 అంగుళాలవే కాదు, 20 అంగుళాలవీ ఈ హద్దు కిందే ఉండిపోతాయి. అంటే అక్కడ అవి ఓడిపోలేదు, బరిలోకే దిగలేదు. నిబంధన లేకపోతే గెలిచేవని దీనర్థం కాదు. పందెం సైకిళ్ల చక్రాలు, టైర్ల మీద ఏళ్ల తరబడి జరిగిన పరిశోధనంతా ఒకే కొలత మీద జరిగిందన్నది మాత్రం వాస్తవం.

ఆ నిబంధన వర్తించని చోట చిన్న చక్రాలు కనిపిస్తూనే ఉంటాయి. 90 గంటల్లో 1,200 కి.మీ. పూర్తిచేయాల్సిన పారిస్–బ్రెస్ట్–పారిస్ యాత్రలో మోల్టన్లనూ మడత సైకిళ్లనూ తొక్కినవారు ఉన్నారు.

మన రోడ్ల మీద, మన మెట్రోలో

భారతదేశంలో మడత సైకిల్ భవిష్యత్తు చాలావరకు రైలు తలుపు దగ్గరే తేలుతుంది. కొచ్చి మెట్రో 2020లో సైకిళ్లను బోగీల్లోకి అనుమతించింది. బెంగళూరు మెట్రో 2022లో మడత సైకిళ్లకు అవకాశమిచ్చింది. ప్రతి మెట్రోకూ సామాను బరువు, కొలతల పరిమితులున్నాయి. అందువల్ల కొనే ముందు సైకిల్ మడిచాక ఎంత ఉంటుందో, బరువెంతో చూసుకోవాలి. 12 కిలోల సైకిల్‌ను మెట్లెక్కించడానికీ 17 కిలోల దాన్ని ఎక్కించడానికీ చాలా తేడా ఉంది.

విదేశీ మేటి రకాలు లక్ష రూపాయలు దాటుతాయి. అంత పెట్టనక్కర్లేకుండానే పనికొచ్చే సైకిల్‌ను గుర్తుపట్టవచ్చు. టైరు పక్క గోడ మీద అచ్చు వేసిన అంకెలు మొదట చదవాలి. 40-406 అని ఉంటే 40 మి.మీ. వెడల్పు, 406 మి.మీ. రిమ్ము అని అర్థం. 406 కొలత బీఎంఎక్స్, పిల్లల సైకిళ్లకూ వాడతారు కాబట్టి చిన్న పట్టణాల్లోనూ టైరు, ట్యూబు దొరికే వీలుంటుంది. 349, 451 కోసం నగరాలకు వెళ్లాలి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. ఆ టైరు ఎంత గాలి పడుతుందో చూడాలి. ముళ్ల టైరు మట్టి దారులకే, తారు రోడ్డుకు నున్నటి టైరు మేలు. పెడల్ ఒక చుట్టు తిప్పి సైకిల్ ఎంత దూరం కదిలిందో టేపుతో కొలవాలి. నాలుగు మీటర్లలోపే ఉంటే చదును రోడ్డు మీద కాళ్లు అలసిపోతాయి. మడత కీలు, దాని గొళ్లెం వదులు లేకుండా బిగుస్తున్నాయో లేదో చూడటం అన్నిటికంటే ముఖ్యం. పరుగులో ఉండగా అది ఊడితే ప్రాణం మీదికి వస్తుంది.

రోజూ 30, 40 కి.మీ. పల్లె దారుల్లో తిరిగేవారికి, బరువులు మోసుకుని గతుకుల్లో పోయేవారికి పెద్ద చక్రమే ఇప్పటికీ సరైనది. మూడో అంతస్తులో ఇల్లు, లిఫ్టు ఇరుకు, ఆఫీసు మెట్రోకు దూరం అనే నగరవాసి లెక్క వేరు. అతనికి చిన్న చక్రం కొంత శ్రమ ఎక్కువ అడిగినా, పెద్ద సైకిల్ రాలేని చోటికి వెంట వస్తుంది. టైరు, గేరు సరిగ్గా ఉంటే అంత కూడా అడగకపోవచ్చు.